ఆఫ్ చేసింటిమి కదా, మళ్లీ ఎట్లొచ్చె?

అనంతపురం ఆర్టీసీ బస్టాండుకు దగ్గర్లో నాకొక చిన్న నెట్ సెంటర్ ఉంది. మూడు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక జిరాక్స్ మిషన్. పోయిన ఏడాది పంటల బీమాకు ఆఖరి రోజున కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి పాస్‌బుక్కు, ఆధార్ చేతికిచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. సగం వివరాలు నింపానో లేదో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, మార్చకపోవడం నా తప్పే. రెండు నిమిషాల్లో కరెంటు వచ్చింది. కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మీద ఒకటే మాట: అప్‌డేట్ జరుగుతోంది, 12 శాతం, కంప్యూటర్ ఆపవద్దు.

"ఏమాయ సామీ?" అన్నాడాయన.

"అప్‌డేట్ అవుతోంది పెద్దాయనా."

"అదెవరు చేయమనిరి?"

జవాబు నా దగ్గర లేదు. నేనైతే చేయమనలేదు. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా రీస్టార్ట్ కావద్దని సెట్టింగ్ పెట్టాను. మా దగ్గర పనిచేసే పిల్లోడు అంతకుముందు వారమే ఏదో వీడియో చూసి అసలు అప్‌డేట్ సర్వీసునే ఆపేశాడు. "ఆఫ్ చేసింటిమి కదన్నా, మళ్లీ ఎట్లొచ్చె?" అని వాడూ నెత్తి గోక్కున్నాడు. ముప్పావు గంట పట్టింది. పెద్దాయన పని పక్క షాపులో అయింది, బస్సు మాత్రం పోయింది. ఆ సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఈ జబ్బు ఒక్కరిది కాదు. ఆ రోజు నుంచి దీని లోగుట్టు ఏమిటో చదువుతూ వచ్చాను. తేలిందేమంటే, మనం ఆఫ్ అనుకునేది ఆఫ్ కాదు.

అప్‌డేట్ ఒక పని కాదు, నాలుగు పనుల వరస. ముందు కంప్యూటర్ కంపెనీ సర్వర్‌ను కొత్తదేమైనా ఉందా అని అడుగుతుంది. ఉంటే దించుకుంటుంది. దించుకున్నదాన్ని ఒక పక్కన విప్పి సిద్ధం చేసుకుంటుంది. చివరగా రీస్టార్ట్ అడుగుతుంది, ఎందుకంటే వాడకంలో ఉన్న ఫైళ్లను వాడుతుండగానే మార్చడం కుదరదు. మోటారు ఆపకుండా బోరులోంచి పైపులు లాగలేం కదా, అట్లన్నమాట. మనకిచ్చే సెట్టింగులు సాధారణంగా ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని మీదే పనిచేస్తాయి. మిగతా మూడూ వాటి దారిన అవి నడుస్తుంటాయి.

ఎక్కువమంది వాడే మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్‌నే తీసుకుందాం. పని వేళల్లో రీస్టార్ట్ చేయొద్దని చెప్పే "యాక్టివ్ అవర్స్" దానిలోకి 2016లో వచ్చింది. మొదట 12 గంటలకు మించి పెట్టుకోనిచ్చేది కాదు, తర్వాత 18 గంటలు చేశారు. మంచిదే. కానీ దాని అర్థం "ఆ వేళల్లో నీ అంతట నువ్వు రీస్టార్ట్ కావద్దు" అని మాత్రమే. దించుకోవద్దని కాదు, సిద్ధం చేసుకోవద్దని కాదు. ఈ ఏర్పాటు వెనక ఒక ఊహ కూడా ఉంది: యంత్రం రాత్రంతా ఆన్‌లో ఉంటుంది, మనిషి నిద్రపోయాక తీరిగ్గా పని చక్కబెట్టుకుంటుంది అని. పెద్ద ఊళ్ల ఆఫీసుల్లో అది నిజమే కావచ్చు. మా బజారులో షట్టర్ దించే ముందు మెయిన్ ఆఫ్ చేసి పోతాం. ఎలుకలు వైరు కొరుకుతాయనో, ఓల్టేజీ పెరిగి ఏదన్నా కాలిపోతుందనో భయం. అంటే మా కంప్యూటర్‌కు రాత్రి అనేదే లేదు, అది మేలుకుని ఉన్నంతసేపూ పని వేళే. సిద్ధమై కూర్చున్న అప్‌డేట్‌కు మిగిలిన దారి ఒక్కటే: ఈసారి ఎప్పుడు ఆన్ చేస్తే అప్పుడు. దాన్ని ఆన్ చేసింది మనమా, పోయి వచ్చిన కరెంటా అని అది అడగదు. నా కంప్యూటర్‌లో ఆ రోజు జరిగింది బహుశా ఇదే. ఒక విధంగా చూస్తే అది నా మాట తప్పలేదు. తనంతట తాను రీస్టార్ట్ కాలేదు, కరెంటోళ్లు చేశారు!

ఇక పిల్లోడు సర్వీసు ఆపేసిన సంగతి. దీనికి జవాబు ఇంకా విచిత్రంగా ఉంటుంది. విండోస్ 10లో 2018 నుంచి "విండోస్ అప్‌డేట్ మెడిక్ సర్వీస్" అని ఒకటి కనబడుతోంది. పేరుకు తగ్గట్టే వైద్యుడు. అప్‌డేట్ యంత్రాంగంలో ఏ భాగమైనా పనిచేయడం లేదని కనిపిస్తే దాన్ని బాగుచేసి మళ్లీ నిలబెట్టడం దీని ఉద్యోగం. కొన్ని వైరస్‌లు అప్‌డేట్లను ఆపేయాలని చూస్తాయి కాబట్టి ఇట్లాంటి కాపలా ఉండటంలో న్యాయం ఉంది. అయితే వైరస్ ఆపిందా, యజమాని కావాలని ఆపాడా అన్న తేడా దానికి తెలియదు. తెలియాలని తయారుచేసినవాళ్లు అనుకున్నట్టు కూడా లేదు. మనం గేటుకు వేసుకున్న తాళాన్ని, తలుపు బిగుసుకుపోయిందనుకుని వాచ్‌మన్ రాత్రికి రాత్రి పగలగొట్టి పోయినట్టు ఉంటుంది వ్యవహారం. యూట్యూబ్ చిట్కాలు వారం పది రోజులకు చెల్లకుండా పోయేది ఇందుకే.

ముందు నుంచీ ఇట్లే ఉందా అంటే లేదు. విండోస్ ఎక్స్‌పీలో ముందు చెప్పి తర్వాత దించుకోమనే వీలుండేది. విండోస్ 7లో "అప్‌డేట్ల కోసం ఎప్పుడూ చూడొద్దు" అని నేరుగా ఒక వరసే ఉండేది. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చినప్పుడు హోమ్ ఎడిషన్‌లో ఆ వరస మాయమైంది. కొంచెం ఎక్కువ ధర పెట్టి ప్రో ఎడిషన్ కొన్నవాళ్లకు కొన్నాళ్లు వెనక్కి జరుపుకునే అవకాశం ఇచ్చారు. మన దుకాణాల్లో, ఇళ్లల్లో లాప్‌టాప్‌తో పాటు వచ్చేది ఎక్కువగా హోమ్ ఎడిషనే. హోమ్ వాడేవాళ్లకు "పాజ్" బటన్ దక్కడానికి 2019 మే దాకా ఆగాల్సి వచ్చింది. అదీ ఒక్కో వారం చొప్పున 35 రోజుల దాకా. ఆ గడువు తీరాక, పెండింగ్‌లో ఉన్నవన్నీ తీసుకుంటేనే మళ్లీ పాజ్ నొక్కనిచ్చేది. వాయిదా వేరు, కొట్టివేత వేరు. కోర్టు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇంత పట్టుదల ఎందుకు?

తిట్టుకోవడం సులభమే గానీ, కంపెనీల వైపు కూడా ఒక గట్టి కారణం ఉంది. 2017 మే 12న వన్నాక్రై అనే దాడి మొదలైంది. కంప్యూటర్‌లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తీయాలంటే 300 డాలర్ల బిట్‌కాయిన్ కట్టమని అడిగేది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపించాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. ఇందులో గుర్తుంచుకోవాల్సింది తేదీ. ఆ దాడి విండోస్‌లోకి దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. అంటే 59 రోజుల ముందు. అప్పటికి మద్దతు ఉన్న విండోస్ వాడుతూ ఆ అప్‌డేట్ వేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. వాయిదా వేసుకున్నవాళ్లు దొరికిపోయారు.

పైగా ఒక పేచీ ఉంది. కన్నం పూడ్చే అప్‌డేట్ బయటికి రాగానే, అది కన్నం ఎక్కడుందో చెప్పే చిరునామా కూడా అయిపోతుంది. దొంగ పాత ఫైల్‌నూ కొత్త ఫైల్‌నూ పక్కపక్కన పెట్టుకుని ఏం మారిందో చూస్తాడు. మారిన చోటే బలహీనత అని తెలిసిపోతుంది. కాబట్టి అప్‌డేట్ వచ్చిన రోజు నుంచి, వేసుకోనివాడికి ముప్పు ముందుకంటే పెరుగుతుంది. పశువులకు గాలికుంటు టీకా వేసేటప్పుడు ఊళ్లో సగం మంది తోలుకురాకపోతే ఏమవుతుందో రైతులకు తెలుసు. రోగం వాళ్ల దొడ్లోనే ఆగదు. నా కంప్యూటర్ చెడితే నాకే నష్టం అనుకోవడానికి లేదు. దాన్ని ఆసరా చేసుకుని ఇంకొకరి మీదికి పోతారు. ఇంతవరకు కంపెనీల వాదనతో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, టీకా తెచ్చిన బండిలోనే ఇంకా ఏవేవో సరుకులు ఎక్కించుకుని రావడం దగ్గర.

ప్రింటర్ల సంగతి నాకు కొంచెం దగ్గర కాబట్టి అక్కడ మొదలుపెడతాను. 2016 సెప్టెంబరు 13న హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు కొన్ని, వేరే కంపెనీలు తయారుచేసిన ఇంకు కార్ట్రిడ్జ్‌లను ఒక్కసారిగా ఒప్పుకోవడం మానేశాయి. ముందురోజు దాకా పనిచేసినవే. కారణం ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్. గొడవ కావడంతో సరిగా చెప్పలేకపోయామని కంపెనీ క్షమాపణ అడిగి, ఆ అడ్డు తీసేసే ఇంకో సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. పెట్టిన అడ్డుకు భద్రత అని పేరు. పని మాత్రం సొంత ఇంకు అమ్ముకోవడానికి పనికొచ్చేదే.

యాపిల్ సంగతి ఇంకొక రకం. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోతున్నాయని, 2017 మొదట్లో వచ్చిన అప్‌డేట్‌తో వాటి వేగాన్ని తగ్గించింది. కారణం నిజమైనదే. కానీ వాడేవాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పలేదు. కొత్త బ్యాటరీ వేసుకుంటే సరిపోయేదానికి కొత్త ఫోన్ కొన్నవాళ్లు ఎందరో. 2017 డిసెంబరులో విషయం బయటపడ్డాక కంపెనీ క్షమాపణ చెప్పి బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. ఫోన్లను మందగింపజేసే అప్‌డేట్ల విషయంలో ఇటలీ 2018లో యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోల జరిమానా వేసింది.

అన్నిటికంటే చేదుగా అనిపించేది 2016లో విండోస్ 10కు మారమని పాత కంప్యూటర్ల మీద వచ్చిన చిన్న పెట్టె. మూలన ఉన్న X అడ్డగుర్తు నొక్కితే పెట్టె పోతుంది, అంటే వద్దన్నట్టు. చిన్నప్పటి నుంచి కంప్యూటర్ మనకు నేర్పింది అదే. కొన్నాళ్లు ఆ పెట్టెలో మాత్రం అడ్డగుర్తు నొక్కితే, ముందే నిర్ణయించిన సమయానికి మార్చేయడానికి ఒప్పుకున్నట్టు లెక్క. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ, తాను అడగకుండానే విండోస్ 10కు మారడం వల్ల వ్యాపారం దెబ్బతిన్నదని కోర్టుకెక్కి 10,000 డాలర్లు గెలుచుకుంది. "వద్దు" అన్న సైగకే అర్థం మార్చేసిన తర్వాత, ఇక ఏ బటన్‌ను నమ్మాలి? జనం అప్‌డేట్ అంటేనే భయపడి మొత్తానికే ఆపేసుకోవడానికి ఇట్లాంటివే కారణం. అట్లా ఆపుకున్నవాళ్లు రేపు ఇంకో వన్నాక్రైకి దొరుకుతారు.

మనకు తెలియక మోసపోయాం, పెద్ద కంపెనీల ఐటీ వాళ్లకైతే ఇట్లా కాదు అనుకునేవాణ్ని. 2024 జూలై 19 ఆ భ్రమ కూడా తీర్చింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో ఎన్నో బ్యాంకులు, విమాన సంస్థలు, ఆసుపత్రుల్లో ఉంటుంది. వాళ్లలో జాగ్రత్తపరులు కొందరు, కొత్త వెర్షన్ వచ్చిన వెంటనే వద్దు, ఒకటి రెండు వెర్షన్లు వెనకే ఉంటాం అని సెట్టింగ్ పెట్టుకున్నారు. ఆ శుక్రవారం మన టైము ప్రకారం పొద్దున 9:39కి సంస్థ ఒక చిన్న ఫైల్ పంపింది. అది "వెర్షన్" కాదు, కొత్త దాడులను గుర్తుపట్టే సమాచారం. వెనక ఉంటామన్న సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కే వర్తిస్తుంది, ఈ సమాచార ఫైళ్లకు వర్తించదు. కాబట్టి జాగ్రత్తపడ్డవాళ్లకూ, పడనివాళ్లకూ ఒకేసారి చేరింది. అందులో 21 గడులు ఉన్నాయి. వాటిని చదివే ప్రోగ్రాముకు అందింది 20. ఆ ఇరవై ఒకటో గడి కోసం చేయి చాపిన ప్రోగ్రాము లేని చోట చదవబోయి కుప్పకూలింది, దాంతో పాటు కంప్యూటరూ కూలింది. 10:57కల్లా ఫైల్‌ను వెనక్కి తీసుకున్నారు. ఈ 78 నిమిషాల్లో సుమారు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు ఫోన్లన్నీ చుట్టి వచ్చింది.

ఇంకో అప్‌డేట్ పంపి బాగుచేయలేకపోయారా అంటే, పడిపోయిన యంత్రం నెట్‌కు తగిలేలోపే మళ్లీ పడిపోయేది. చాలాచోట్ల మనిషి పోయి, ఒక్కో కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచే పద్ధతిలో తెరిచి, ఆ ఫైల్‌ను చెరిపేయాల్సి వచ్చింది. తర్వాత ఆ సంస్థ సమాచార ఫైళ్లు ఎప్పుడు తీసుకోవాలో నిర్ణయించుకునే వీలు ఖాతాదారులకు ఇచ్చింది. లక్షల డాలర్లు కట్టేవాళ్ల సెట్టింగ్‌కే ఆనాటి దాకా అంత విలువ.

ఫోన్ల విషయం ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు, అక్కడ మన చేతిలో ఉన్నది మరీ తక్కువ. ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ తీసేసినా గూగుల్ ప్లే సర్వీసెస్ అనే లోపలి ప్రోగ్రాము తనంతట తాను మారుతూనే ఉంటుంది. వాట్సాప్ పాత వెర్షన్‌కు గడువు తీరితే తెరుచుకోదు. ఇక కొన్ని యాప్‌లు అప్‌డేట్ కాకుండానే మారిపోతాయి. రెండు రకాల తెరలూ ముందే లోపల ఉంటాయి, ఏది చూపించాలో సర్వర్ చెబుతుంది. నిన్న ఎడమ పక్కనున్న బటన్ ఈరోజు కుడి పక్కకు పోవడానికి మీరు నొక్కింది ఏమీ ఉండదు. మా అమ్మ "ఫోన్ ఎవరో ముట్టుకున్నార్రా" అంటుంది. ఆ మాటలో తప్పేముంది?

ఖర్చు సంగతి ఎవరూ మాట్లాడరు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద ఫోన్ హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్ నడుపుకునే పిల్లలు మా సెంటర్‌కు వస్తుంటారు. అట్లాంటి నెట్‌ను "మీటర్డ్ కనెక్షన్" అని గుర్తుపెట్టుకుంటే విండోస్ పెద్దవి దించడం చాలావరకు ఆపుతుంది. చాలావరకే. తప్పనిసరి అనుకున్నవి అప్పుడూ దించుకుంటానని 2017 నుంచి అదే చెబుతోంది. ఇంకొకటుంది: విండోస్ 10 మొదట వచ్చినప్పుడు, మీరు దించుకున్న అప్‌డేట్ ముక్కలను మీ నెట్ మీదుగానే ఇంటర్నెట్‌లో ఇతరుల కంప్యూటర్లకు పంచే ఏర్పాటు ఆన్‌లోనే వచ్చింది. "డెలివరీ ఆప్టిమైజేషన్" అని సెట్టింగుల్లో ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

ఇవన్నీ ఇట్లుండగా 2025 అక్టోబరు 14న విండోస్ 10కు ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. పదేళ్లు వద్దో వద్దో అన్నవాళ్లమే ఇప్పుడు ఎట్లా తెచ్చుకోవాలని వెతుకుతున్నాం. ఇంకో ఏడాది పాటు భద్రతా అప్‌డేట్లు పొడిగించుకోవడానికి ఒక పథకం పెట్టారు. అందులో ఒక దారి 30 డాలర్లు కట్టడం. గమనించాల్సింది ఏమంటే, ఈ పథకంలో వచ్చేవి భద్రతా మరమ్మతులు మాత్రమే, కొత్త హంగులు రావు. అంటే రెంటినీ విడదీయడం సాధ్యమే! విడదీసి ఇవ్వడానికి ఇన్నేళ్లు పట్టింది, దానికీ ఒక ధర పెట్టారు.

నా వాదన అంతా ఇదే. కన్నం పూడ్చేది బలవంతంగా వేసినా ఒప్పుకుంటాను, రాత్రి మెయిన్ ఆఫ్ చేసే షాపులు కూడా ఉంటాయని గుర్తుపెట్టుకుని వేస్తే చాలు. కొత్త బటన్లు, ప్రకటనలు, ఇంకు కాపలాలు వేరే సంచిలో రావాలి, ఆ సంచి మీద "వద్దు" అని ఉండాలి, ఆ వద్దు వద్దులాగే పనిచేయాలి. మన దేశంలో దీనికి పూర్తిగా సరిపోయే చట్టం కనపడదు గానీ, ఆన్‌లైన్‌లో జనాన్ని దారి తప్పించే 13 రకాల జిత్తులను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాల్లో పేర్కొంది. అడగకున్నా మాటిమాటికీ వేధించడం, వద్దన్న పనిని బలవంతాన చేయించడం అందులో ఉన్నాయి. 2025 జనవరిలో ఐఫోన్ అప్‌డేట్ తర్వాత ఫోన్లు సరిగా పనిచేయడం లేదన్న ఫిర్యాదులపై అదే సంస్థ యాపిల్‌కు నోటీసు ఇచ్చింది. తలుపు తట్టే చోటు ఒకటుందని తెలిసింది, అంతవరకు నయం.

ఈలోగా మా షాపులో ఏం చేస్తున్నామంటే, మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం వస్తాయి. 2003 నుంచీ ఇదే పద్ధతి. అమెరికాలో పొద్దున విడుదలైతే మనకు మంగళవారం రాత్రి పదిన్నర, పదకొండున్నర అవుతుంది. కాబట్టి ఆ బుధవారం సాయంత్రం ఏడింటికే గిరాకీ ఆపి, మూడింటికీ మేమే అప్‌డేట్ పెట్టి, దగ్గరుండి రీస్టార్ట్ చేయించి, మళ్లీ మామూలు తెర వచ్చాకే మెయిన్ తీస్తాం. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించాను. "అప్‌డేట్ చేసి ఆపు" అన్న బటన్ నొక్కి పోవచ్చు కదా అంటారేమో, అది నొక్కితే విండోస్‌లో కొన్నిసార్లు కంప్యూటర్ ఆగకుండా మళ్లీ ఆన్ అయి కూర్చునేది. ఏళ్ల తరబడి ఉన్న ఆ లోపాన్ని 2025 అక్టోబరు చివర్లో విండోస్ 11లో సరిచేశారు. సరిచేసింది ఇంకో అప్‌డేట్‌తోనే.

క్యాలెండర్‌లో రెండో మంగళవారం మరుసటి బుధవారాలన్నిటికీ పిల్లోడు ఎర్రపెన్నుతో సున్నా చుట్టి పెట్టాడు. మొన్న ఆ పెద్దాయన ఏదో సర్టిఫికెట్ పని మీద మళ్లీ వచ్చి, బెంచీ మీద కూర్చునే ముందే అడిగాడు: "ఈ పొద్దు దానికేం పని లేదు కదా సామీ?"

క్యాలెండర్ వైపు చూసి లేదన్నాను.